పళ్లెం వంక చూడని ఆదివారం

ఆ ఆదివారం వినోద వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం తనూ, అత్త గంగవ్వా, కూతురు భూమికా కలిసి కూర్చుని తినాలి, అంతే. ఇంటర్ చదివే భూమికకు నాలుగు నెలలుగా పళ్లెం చూస్తేనే చెమటలు పడుతున్నాయి.

"పిల్లకు అన్నం మీద కోపం లేదమ్మా, భయముంది" అంది ముందురోజు, భూమికను చూస్తున్న కౌన్సిలర్ అశ్విని. "భయపడేటోళ్ల చుట్టు నిలబడి చూస్తే భయం పోతదా? తిన్నవా, చిక్కినవ్, ఇంకింత పెట్టుకో అనుడు బంద్. పళ్లెం దిక్కు చూసుడు బంద్. వేరే ముచ్చట ఏదన్న పెట్టుకోండ్రి."

సంగతి గడప దాటకూడదని వినోద అత్తతో ఒట్టు వేయించుకుంది. గంగవ్వ ఒట్టయితే వేసింది గానీ, ఎదురుపడ్డ మనిషినల్లా "తిన్నవా" అని పలకరించడం తప్ప ఆమెకు మరో పలకరింపు తెలియదు.

ఎనిమిదింటికి పక్కింటి వెంకవ్వ బీడీల చాటతో అరుగెక్కింది. గంగవ్వ నోరు తెరిచింది. వెనక నుంచి కోడలు దగ్గింది. గంగవ్వ నోరు మూసి, మళ్లీ తెరిచి, "ఎండ మస్తున్నది" అంది.

వెంకవ్వ మబ్బు పట్టిన ఆకాశం వంక చూసింది. "నా మీద ఏమన్న కోపమా అక్కా?"

"కోపమేంది? పసుపు ధర ఎట్లున్నది?"

గజం పొలమైనా లేని వెంకవ్వ చాట ఎత్తుకుని ఇంటికి పోయి, మోర్తాడ్‌లో ఉన్న గంగవ్వ బిడ్డ జ్యోత్స్నకు ఫోన్ చేసింది. "ముప్పయ్యేండ్ల సంది తిన్నవా అనకుండ ఒక్కనాడు లేదు. అత్తాకోడండ్లకు చెడ్డట్టున్నది. పొయ్యి గూడ ముట్టియ్యలేదేమో."

జ్యోత్స్న దుబాయ్‌లోని అన్న రవీందర్‌కు చెప్పింది. పది గంటలకు అతను వీడియో కాల్ చేసి, భార్య వినోదను పక్కకు జరగమని తల్లిని పిలిచాడు.

"అమ్మా, తిన్నవా?"

గంగవ్వ కోడలి వంక బెదురుగా చూసింది. "అది నేను చెప్పొద్దు బిడ్డా."

పన్నెండున్నరకు జ్యోత్స్న నాలుగు గిన్నెల డబ్బాతో బస్సు దిగింది. వెంకవ్వ పప్పుచారు తెచ్చింది. ముగ్గురి కోసం పరిచిన చాప మీద అయిదుగురు సర్దుకున్నారు. "తిండి ముచ్చట మాత్రం తియ్యకుండ్రి" అంది వినోద. ఎందుకో చెప్పలేదు.

అందరూ తినడం మొదలుపెట్టారు. కాసేపటికి వెంకవ్వ ఉండబట్టలేక, "నా చారు అంత ఘోరంగున్నదా? ఒక్కరు నోరిప్పుతలేరు" అంది.

"నీ చారు సంగతేమో గని, మా వదినె నా వంకాయకూర దిక్కు చూస్తనే లేదు" అంది జ్యోత్స్న. వినోద నిజంగానే ఎటూ చూడడం లేదు. ఫ్యాన్ వంక చూస్తోంది. జ్యోత్స్నకు ఏడుపొచ్చింది. "అమ్మా, బట్టలు సర్దుకో. మోర్తాడ్ పోదాం."

ఒట్టు గుర్తొచ్చి గంగవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. వినోదకు చెప్పాలో మానాలో తోచలేదు. చెబితే పిల్ల పళ్లెం వదిలేసి గదిలో దూరుతుంది, చెప్పకపోతే అత్త బస్సెక్కుతుంది.

అప్పుడు భూమిక నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో వినపడి నాలుగు నెలలైంది.

"బాపమ్మను యాడికి తీస్కపోకు అత్తమ్మా. లొల్లి నాది. తినాల్నంటె నాకు బుగులైతది. అందుకే మేడం దగ్గరికి పోతున్న. నన్ను చూడొద్దని మేడం చెప్పింది. పాపం, వీళ్లు పొద్దటిసంది పసుపు ధర అడుగుతున్నరు."

ముందుగా తేరుకున్నది వెంకవ్వే. "గింతేనా? మా కోడలు గూడ కాన్పైన సంది గట్లనే మూలకు కూసుంటది, ఏడుస్తది. నేను ఎవలకు చెప్పలే" అని నలుగురికీ చెప్పి, "ఆ మేడం రేపుంటదా?" అంది.

జ్యోత్స్న కళ్లు తుడుచుకుని తనూ ఫ్యాన్ వంక చూసింది. వెంకవ్వా చూసింది. గంగవ్వా చూసింది. భూమిక రొట్టె తుంచుకుంది.

సోమవారం అశ్విని ఫోన్‌లో అడిగింది. "పళ్లెం దిక్కు ఎవ్వరు చూడలేదుగద?"

"ఒక్కరు గూడ చూడలే మేడం."

భూమిక తిన్న ఒకటిన్నర రొట్టె, రెండు వంకాయ ముక్కలు, మూడు ముద్దల పెరుగన్నం సంగతి వినోద తనలోనే ఉంచుకుంది.