జామతోటలో అత్తయ్య గొంతు

ఆ రోజు ఇంట్లో నలుగురే ఉన్నారు. జామతోట బేరం కుదరాలని ఉతికిన చొక్కా తొడుక్కున్న నాన్న, పిడుగు పడ్డా వినపడని తాతయ్య, పిడుగులాంటి గొంతున్న మేనత్త, నోట్లోంచి మాట బయటికి రాని పిల్ల. ఆ పిల్లను అందరూ గుసగుస అనే పిలిచేవారు.

కాసేపట్లో పళ్ల వ్యాపారి వస్తాడు. పోయినేడు చిలకలు ఏ కాయా పూర్తిగా తినకుండా అన్నిటినీ ఎంగిలి చేసి వదిలేస్తే, అతను తోట చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఈసారీ వెళ్ళిపోతే పంట చెట్టుమీదే కుళ్ళిపోతుంది.

"అతను వెళ్ళేదాకా చిలకలు వాలకుండా తోటలో నిలబడి గట్టిగా అరుస్తూ ఉండు తల్లీ" అన్నాడు నాన్న.

అరవమంటే గుసగుసకు ప్రాణం మీదికొచ్చినట్టే. ముందురోజు నాన్న బురదకాళ్ళతో ఇంట్లోకొస్తే అత్తయ్య తిట్టిన తిట్లను, తర్వాత విని నవ్వుకోవచ్చని, తన ఫోన్లో పట్టి ఉంచింది. ఇప్పుడు ఆ ఫోనుకు కూరల బండివాళ్ళు వాడే చిన్న మైకు తగిలించి, తిట్లు ఆగకుండా తిరిగేలా పెట్టి, కొమ్మకు కట్టి, చల్లగా ఇంటికొచ్చేసింది.

వ్యాపారి గేటు తీశాడో లేదో చెట్ల వెనకనుంచి గర్జన.

"మళ్ళీ వచ్చావా? ఆ కాళ్ళేంటి? గడప తొక్కావంటే విరగ్గొడతా!"

అతను తన కాళ్ళవంక ఒకసారి చూసుకుని మాయమైపోయాడు.

నాన్న వంటింట్లోకి పరిగెత్తాడు. "అక్కా, కొంప ముంచావు కదా! బేరానికొచ్చినవాణ్ణి అలాగేనా తిట్టడం?"

"నేనా? పొద్దున్నుంచీ నోరు విప్పితే ఒట్టు!"

"సిగ్గుందా నీకు?" అంది తోటలోంచి అదే గొంతు.

అత్తయ్య నోరు మూసే ఉంది. నాన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇన్నాళ్ళకు అమ్మాయి కాస్త వినపడేలా మాట్లాడుతోంది" అని మెచ్చుకున్నాడు వరండాలో తాతయ్య.

అందరి చూపూ గుసగుస మీదికి తిరిగేలోపు పెరటి తలుపు కదిలింది. వ్యాపారి! జుట్టునిండా జామాకులు.

"భయపడి మీ తోటలోకే దూరానండీ. పక్క తోటలనిండా చిలకలే. మీ తోటలో రెక్క చప్పుడు లేదు, ఎంగిలికాయ లేదు. పంట నాదే. కాకపోతే, కోతయ్యేదాకా అమ్మగారు తిట్టడం ఆపకూడదు."

నాన్న గుండెలమీంచి బండ దిగినట్టయి, ఉన్నచోటే కూలబడి నవ్వాడు.

సాయంత్రం గుసగుస నాన్న ఫోను పట్టుకుని అత్తయ్య గది ముందు నిలబడింది. "అత్తయ్యా, రోజూ అవే తిట్లయితే చిలకలు లెక్కచెయ్యవు. కొత్తవి కావాలి."

అత్తయ్య కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. ఫోనువంక చూసి నోరు తెరిచింది, మళ్ళీ మూసింది.

"పోవే, నాకు సిగ్గు" అని గొణిగి తలుపేసుకుంది.

తోటలో మాత్రం ఆవిడ ఇంకా నాన్నను తిడుతూనే ఉంది.