కొండదారిలో కునుకు

కారు రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. ముందు బంపరు లోయ పక్కన పిట్టగోడని తాకుతోంది, వెనక చక్రం కొండ పక్కన కాలవలో దిగబడింది. పైనుంచి దిగే బస్సూ, కిందినుంచి ఎక్కే లారీ రెండూ ఆగిపోయాయి. రెండింటి వెనకా బండ్ల తోక పెరుగుతోంది.

అయినా ఒక్క హారనూ మోగలేదు. కారు నడుపుతున్న క్రేన్ ఆపరేటర్ దిగి అటూ ఇటూ పరిగెత్తి, కనిపించిన ప్రతి డ్రైవరుకీ దణ్ణం పెట్టి బతిమాలుకున్నాడు మరి. వెనక సీట్లో అతని భార్య నిద్రపోతోంది. ఆస్పత్రిలో హెడ్ నర్సు ఆమె. నెలల తరబడి నైట్ డ్యూటీలు చేసి చేసి, పగలు పడుకున్నా కన్ను మూతపడని స్థితికి వచ్చింది. "కొండమీదికి వెళ్ళి కడుపునిండా నిద్రపోయి రండి. లేదంటే మీ వార్డులో మీకే మంచం వేయాల్సొస్తుంది" అని పెద్ద డాక్టరు బలవంతాన సెలవిచ్చి పంపాడు. ఇన్నాళ్ళకి, ఈ ఘాటురోడ్డు మీద, ఆమె ఒళ్ళెరగకుండా పడుకుంది. ఈ నిద్ర చెడితే మళ్ళీ ఎప్పటికి పడుతుందో ఎవరికీ తెలీదు.

"మీరు పోవాల్సిన గెస్ట్‌హౌసు అదిగో, పై మలుపులోనే ఉంది" లారీ డ్రైవర్ గుసగుసగా అన్నాడు. "ఇంత ఇరుకులో బండి వెనక్కి తిప్పమని ఎవరు చెప్పారయ్యా?"

క్రేన్ ఆపరేటర్ తమతో కార్లో వచ్చిన మామగారి వంక చూశాడు. మామగారు లోయ వంక చూశారు.

నోరెత్తితే ఆమె లేస్తుందని, చేసైగలతోనే పని కానిచ్చేద్దామనుకున్నారు ఇద్దరూ. రైల్వే గార్డుగా రిటైరయిన మామగారు ముందు నిలబడి ఒక చెయ్యి చాపారు. ఆయన లెక్కలో అది 'పోనివ్వు'. రేవులో క్రేను నడిపే అల్లుడి లెక్కలో 'అటు తిప్పు'. అతను అటే తిప్పాడు. మామగారు కంగారుపడి రెండు చేతులూ పైకెత్తారు, ఆగమని. అల్లుడికది 'ఇంకాస్త లేపు'. అతను యాక్సిలరేటర్ తొక్కాడు.

"సర్వీసంతా చేశాను, నా సైగకి ఒక్క బండీ పట్టాలు తప్పలేదు" మామగారు గొణిగారు.

"పట్టాలుంటే నేనూ తప్పేవాణ్ణి కాదు మావయ్యగారూ."

ఈలోగా కండక్టర్ బస్సెక్కి, "ఎవరూ అరవకండి, కార్లో ఒకావిడ పడుకునుంది" అని చెప్పాడు. ఆ మాట బస్సు వెనక జీపుకి చేరేసరికి ఆవిడ ఎంతకీ లేవడం లేదు. జీపు వెనక వ్యానుకి చేరేసరికి ఇక లేవదు.

వ్యానులోంచి ఒక పెద్దాయన దిగొచ్చి, టోపీ తీసి, క్రేన్ ఆపరేటర్ చెయ్యి పట్టుకున్నాడు.

"చాన్నాళ్ళుగా బాధపడుతోందా బాబూ?"

"నెలల నుంచండీ. కన్ను మూతపడక నరకం చూసింది. ఇవాళ్టికి ప్రశాంతంగా ఉంది."

"నువ్వు మాత్రం గుండె రాయి చేసుకోవాలి."

"నాకేం పర్వాలేదండీ. పైకెళ్ళాక నేనూ పడుకుంటాను."

పెద్దాయన భోరుమన్నాడు. అది విని బస్సు ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఎవరో గట్టున పూసిన పూలు నాలుగు కోసి బానెట్ మీద పెట్టారు. క్రేన్ ఆపరేటర్‌కి ఏమీ అర్థం కాలేదు గానీ, కొండమీద జనం బహు మర్యాదస్తులు అనుకున్నాడు.

తర్వాత వ్యానులోంచి బలమైన మనుషులు నలుగురు దిగారు. ఒక్క మాటా మాట్లాడకుండా, నాలుగు మూలలా తలో భుజం పట్టి, కారుని లేపి రోడ్డుమీద పెట్టారు.

ఆ కుదుపుకి నర్సు లేచి కూర్చుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవండీ, వచ్చేశామా?" అంది.

భుజం పట్టిన నలుగురూ కెవ్వుమన్నారు. పెద్దాయన ఉన్నచోటే కూలబడ్డాడు. ఆమె కారు దిగి, ముందు ఆయన నాడి చూసి, మంచినీళ్ళు తాగించి, ఆ తర్వాత తీరిగ్గా కాలవనీ, పిట్టగోడనీ, బానెట్ మీది పూలనీ, కొండ పొడుగునా ఆగిన బండ్లనీ చూసింది. వార్డంతా వణికే గొంతుతో అడిగింది.

"ఇక్కడ బండి తిప్పమన్న ఆ మహానుభావులెవరు?"

క్రేన్ ఆపరేటర్ చెప్పుల వంక చూసుకున్నాడు. ఈసారి మామగారికి లోయవైపు చూసే వీలు లేదు, కూతురు అడ్డంగా నిలబడింది.

"నువ్వే తల్లీ" అన్నారాయన. "కళ్ళు మూసుకునే 'ఇటు కాదు, వెనక్కి తిప్పండి' అన్నావు. నిద్దట్లో అంది కదా అని మేం ఊరుకుంటే, లేచాక నువ్వు ఊరుకుంటావా?"