ఏడో నంబరు దీక్ష

నా పాదం ఎనిమిదో నంబరు. ఆ ఒక్క మాట ఉత్తరంలో నిజాయితీగా రాసి ఉంటే, నా కాళ్ళకీ నా పరువుకీ అన్ని పాట్లు ఉండేవి కావు.

1979లో మా బావమరిది సాలమోను కువైట్ నుంచి, "బూట్లు పంపుతాను, సైజు రాయండి బావగారూ" అని రాశాడు. మా ఆవిడ రత్నమాల నా పాదాల్ని ఎప్పుడూ సఖినేటిపల్లి రేవులో పడవలతో పోలుస్తుంది. ఆ ఉక్రోషంలో ఏడు అని రాసేశాను.

బూట్లొచ్చాయి. అద్దంలా మెరుపు, సూదిలాంటి ముక్కు. వారం రోజులు వాటితోనే రాజోలు బడికి వెళ్ళాను. బాధకి నా మొహం ఎలా ఉండేదో గాని, పిల్లలు అడక్కుండానే ఎక్కాలు అప్పజెప్పేసేవారు.

మడమల మీద బొబ్బలు, చిటికెనవేళ్ళ మీద ఆనెకాయలు. కాంపౌండరు వీర్రాజు చూసి, "ఈ బూట్లు మీవేనాండీ మాస్టారూ, మీ అబ్బాయివా? వేళ్ళకి చోటుండాలండి. ఇలాగే బిగిస్తే గోళ్ళు కండలోకి దిగుతాయండి" అన్నాడు.

ఇరుకని ఒప్పుకుంటే ఇంట్లో పరువు పోతుంది. అందుకని భస్మ బుధవారం పొద్దున్నే ప్రకటించాను.

"రత్నం, ఈస్టరు దాకా ఈ శ్రమదినాలు నలభై రోజులూ కాళ్ళకి ఏమీ తొడగను. దీక్ష."

"మీరా? ఒక్క పూట కాఫీ మానలేనివారు?"

"ఆయ్, నేనే."

ఆవిడ నా మొహం చూసింది, మడమలు చూసింది. "దేవుడికి స్తోత్రం" అంది.

పుళ్ళు మానగానే పాత చెప్పుల్లోకి జారుకుందామని నా ఎత్తు. కాని ఆదివారం పాస్టరు ప్రభాకరరావుగారు నన్ను గుడిలో లేపి నిలబెట్టారు. "దేవదానం మాస్టారి పాదాలు చూడండి!"

చూశారు. ఆ రోజు నుంచి ఊరంతా చూస్తూనే ఉంది. పాత చెప్పులో బొటనవేలు పెడితే చాలు, ఎదురింటి జయమ్మగారు అరిచేవారు. "మాస్టారూ, దీక్షండీ!"

రోడ్డు మీద నడిస్తే తారు పెనంలా కాల్చేది. పక్కకి దిగితే పల్లేరుకాయలు. తోటల్లోంచి వెళ్తే తడికి వేళ్ళ సందులు ఒరిశాయి. వీర్రాజు తల పట్టుకున్నాడు.

"మొన్న బూట్లతో చంపేరు, ఇప్పుడు ఉత్తకాళ్ళా? ఆ మట్టిలో కొంకిపురుగులుంటాయండి. అరికాల్లోంచి దూరి రక్తం తాగుతాయండి!"

ముప్ఫయ్యో రోజున మడమలో ముల్లు విరిగింది. రత్నమాల పిన్నీసుతో తీస్తుంటే నేను నిజం కక్కేశాను.

"దీక్షా లేదు, నా మొహమూ లేదు. బూట్లు ఇరుకే! ఏడని అబద్ధం రాశాను."

"తెలుసండి. గచ్చు మీద మీ అడుగులు తుడిచేది నేనే కదా."

లేచి, పెట్టె తెరిచి, మెత్తటి తోలు చెప్పులు తీసింది. ఎనిమిదో నంబరు.

"ఎప్పుడు కొన్నావు?"

"భస్మ బుధవారం సాయంత్రమే. అమలాపురంలో."

"మరి ఇన్నాళ్ళూ ఇవ్వలేదేం!"

"భక్తికి అడ్డు పడితే పాపం కదండీ. సరే, ఇంట్లో తొడుక్కోండి. వీధిలోకి మాత్రం... ఇంకా పది రోజులుంది."

ఆ పది రోజులూ లోకమంతా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్తుంటే, నేనొక్కణ్ణి తొడుక్కుని వెళ్ళాను.