పుచ్చు జామకాయల వంశవృక్షం

ఆదివారం పొద్దున్నే వంటింటి అలమర కడగాలని బ్యాంకు గుమాస్తాగారు నడుం బిగించారు. ఆయనకి శుభ్రత పిచ్చి. భార్యది పండు ఈగల మీద పరిశోధన. ఈ రెండూ ఒకే కొంపలో ఇమడడమే వింత. అలమర మూలన గుడ్డ కట్టిన డబ్బాలో కుళ్లిన జామకాయలు, వాటిలో లుకలుకలాడుతూ తెల్లటి పురుగులు. ముక్కు మూసుకుని చెత్తబండిలో కుమ్మరించారు. డబ్బా తోమేదాకా అడుగున అంటించిన చీటీ కనబడలేదు. "నమూనా. ముట్టుకోవద్దు."

రాత భార్యదే. ఆవిడ కొండతోటల్లో జలగలకు రక్తం ధారపోసి మరీ నమూనాలు తెచ్చుకుంది. డాక్టరేటు పట్టా రావాలంటే అవే దిక్కు. ఆయన వీధి చివర పళ్లకొట్టుకి పరుగెత్తారు.

"పుచ్చులున్నవి ఏరి ఇవ్వవయ్యా."

"పొద్దున్నే వెక్కిరింపులా సార్? మా కొట్లో పుచ్చులుండవు."

"ఉంటాయి, చూడు. పురుగు బాగా బలిసి ఉండాలి."

పక్కన బేరమాడుతున్నవాళ్లు చేతిలో కాయలు మెల్లగా వదిలేసి జారుకున్నారు. కొట్టతను గంప అడుగున ఉన్నవన్నీ ఆయన సంచిలో పోసి, ఇంక వెళ్లమని దండం పెట్టాడు.

డబ్బా మళ్లీ నిండింది. ఈగలు పుట్టాయి, ల్యాబ్‌కి వెళ్లాయి. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా జన్యువుల్ని వరసగా చదివితే, ఏ ఈగ ఏ ఈగకి చుట్టమో తేలిపోతుందట. భార్య ఆ మాట చెప్పినప్పటి నుంచి ఆయనకి ముద్ద దిగలేదు.

ఒక సాయంత్రం ఆవిడ వెలిగిపోతూ వచ్చింది. "ఏమండీ, కొండ ఈగలకీ ఊరి ఈగలకీ చుట్టరికం తేలిపోయింది. రేపు మా యూనివర్సిటీ హాల్లో అందరి ముందూ చూపించాలి. మీరూ రండి."

తేలింది కొండ ఈగల సంగతి కాదని ఆయనకొక్కడికే తెలుసు. అబద్ధం మీద వచ్చిన పట్టా గోడకెక్కితే జన్మలో దాని వంక చూడలేనని రాత్రంతా కుమిలిపోయారు.

మర్నాడు తెర మీద ఈగల వంశవృక్షం కనబడిందో లేదో, ఆయన లేచి నిలబడ్డారు.

"అవి కొండ ఈగలు కావండీ. డబ్బాలోవి నేను చెత్తబండి పాలు చేశాను. ఇవి మా వీధి పళ్లకొట్లోవి. తప్పంతా నాది, మా ఆవిడకేం తెలీదు."

పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి ఆయన భార్య వైపు చూసింది. ఆవిడ తల పట్టుకుంది.

"కొండ నమూనాలు ఇక్కడే ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయండీ. ఆ డబ్బా ఊరి ఈగలది, పోల్చి చూడ్డానికి పెట్టాను. మీరు పారేసినవీ ఆ కొట్లోవే."

"నువ్వా కొట్టుకెప్పుడు వెళ్లావు?"

"నేనెందుకు వెళ్తాను? అంతకుముందు వారం తినడానికని మీరు ఏరి తెచ్చిన కాయలేగా. పుచ్చు లేని కాయ మీ చేతికి ఎప్పుడు తగిలింది గనక?"

హాలంతా గొల్లుమంది. ఊరి నమూనాలు తెచ్చిన తేదీ మార్చి రాసుకోమని చెప్పి ప్రొఫెసరమ్మ కూడా నవ్వేసింది. పరువు పోయినా పట్టా దక్కినందుకు ఆయన కళ్లు చెమర్చాయి.

ఆవిడ పరిశోధన గ్రంథం అచ్చయింది. అందులో కృతజ్ఞతల పేజీ చివర ఇలా ఉంది: "ఊరి నమూనాల ఎంపిక, రెండుసార్లూ, మావారు."