అంజయ్య మేపిన జెర్బిళ్లు

సోమవారం పొద్దున అంజయ్య పెట్టుకున్న పని ఒక్కటే. చాయ తాగి, గడ్డం గీసుకుని, మేడ మీద కిరాయికుండే నిషిత పుణె బండి ఎక్కేలోపు ఆమె జీవాలను చేతికి తీసుకోవడం. గడ్డం ఎందుకంటారా? నాలుగేళ్ల తర్వాత ఆయనకు మళ్లీ మేపడానికి రెండు జీవాలు దొరికాయి మరి. అవి జెర్బిళ్లు. అంటే తోకకు కూడా బొచ్చుండే, పిడికెడంత ఎడారి ఎలుకలు. అయితేనేం, నోరుంది, కడుపుంది, వేళకు మేత కావాలి. అంజయ్యకు అంతకన్నా ఏం కావాలి?

ఇంద్రేశంలో ఒకప్పుడు అంజయ్యకు పన్నెండు బర్రెలుండేవి. పొలం లేఅవుట్ అయింది, మోకాలికి ఆపరేషన్ అయింది, బర్రెలు అమ్ముడుపోయాయి. కొట్టంలో ఇప్పుడు కిరాయిదారుల బైకులు నిలబడుతున్నాయి. ఆయన సోఫాలో కూర్చునే ఉంటాడు; టీవీలో పశువుల సంత చూపిస్తే మాత్రం లేచి నిలబడతాడు. ఒక్క బర్రె, ఒక్కటంటే ఒక్కటి తెచ్చుకుంటానని రెండేళ్లుగా పోరుతున్నాడు.

"నీ మోకాలే నీ మాట ఇంటలేదు. బర్రె ఇంటదా?" అని భార్య రాజవ్వ ఎప్పటికప్పుడు ఆ మాటను మొదట్లోనే తుంచేసేది. ఈసారి మాత్రం ఎలుకల సంగతి వినేసరికి ఆమెకు ఒక ఉపాయం తోచింది.

"గా నిషిత ఎలుకలను ఆదివారం దాక సాకు. జెర గూడ సన్నవడకుండ అప్పజెప్తె, అప్పుడు బర్రె ముచ్చట తీద్దాం. సన్నవడ్డయా, ఇగ జిందగీల బర్రె పేరెత్తొద్దు."

"ఎత్తనే ఎత్త!" అన్నాడు అంజయ్య. పన్నెండు బర్రెలను మేపినవాడికి రెండు ఎలుకలొక లెక్కా!

కొడుకు శ్రావణ్‌కుమార్ పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో తూకం విభాగంలో పనిచేస్తాడు. గ్రాము తేడా వచ్చినా నిద్రపట్టని మనిషి. వంటింటి తూకం మిషన్ మీద డబ్బా పెట్టి, రెండు జెర్బిళ్లనూ అందులో వేసి, డబ్బా బరువు తీసేసి, క్యాలెండర్ మీద రాశాడు: 148 గ్రాములు.

నిషిత గాజుపెట్టెను హాల్లో టీవీ పక్కన పెట్టించింది. అందులో జానెడు మందాన రంపపు పొట్టు, ఒక మూల నీళ్ల సీసా, ఒక మూల చిన్న గిన్నె. "అంకుల్, ఇద్దరికీ కలిపి రోజుకు ఒక్క చెంచా చాలు. జెర సతాయిస్తయ్, పొద్దుతిరుగుడు గింజలే ఏరుకుంటయ్. తింటున్నయా లేదా చూస్తుండుండ్రి" అంటూ గింజల డబ్బా, చెంచా ఆయన చేతిలో పెట్టి ఆటో ఎక్కేసింది.

అంజయ్య చెంచాను అటూ ఇటూ తిప్పి చూశాడు. గంపలతో మేత వేసిన చెయ్యి అది. "చెంచానా! గిదేం మేతనే, మందా?" అని దాన్ని టీవీ వెనక పడేశాడు.

మేత విషయంలో ఆయనకు ముప్పై ఏళ్లుగా ఒకే సూత్రం. తొట్టి నాకినట్టు ఖాళీ అయితే ఆకలి తీరలేదు, ఇంకొంచెం వెయ్యాలి. కొంచెం మిగిలితే కడుపు నిండింది. అసలు ముట్టకపోతే రోగం. ఈ సూత్రం ఏ బర్రె విషయంలోనూ తప్పలేదు.

మంగళవారం ఎనిమిదింటికి గిన్నె నిండా పోశాడు. తొమ్మిదింటికి చూస్తే ఖాళీ! "అమ్మో, పాపం, ఆ పిల్ల వీటిని ఉపాసం ఉంచుతున్నట్టుంది" అనుకుని మళ్లీ పోశాడు. పదింటికి మళ్లీ ఖాళీ. అంజయ్య ఛాతీ ఉబ్బింది. మేపితే ఇట్లా మేపాలి!

ఆయనకు తెలియని సంగతులు రెండున్నాయి. మధ్యాహ్నం ఆయన కునుకు తీయగానే రాజవ్వ పిల్లిలా హాల్లోకి వచ్చేది. "థూ, ఎలుకలు" అని చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఆ వెంటనే ఖాళీ గిన్నె కనబడేది. ఇంట్లో ఒక ప్రాణి ముందు ఖాళీ గిన్నె ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గుప్పెడు పల్లీలు వేసి, "నేనేసిన్నని ముసలాయనకు చెప్పకుండ్రి" అని వాటితోనే ఒట్టు వేయించుకుని వెళ్లేది.

ఇక శ్రావణ్‌కుమార్ పొద్దున అయిదున్నరకు కంపెనీ బస్సుకు వెళ్తూ గిన్నె ఖాళీగా ఉండటం చూసేవాడు. బర్రె వద్దని తల్లి పక్షాన నిలబడ్డవాడే. కానీ నాయిన ఓడిపోతే ఆ మొహం చూడటం ఎట్లా? గుప్పెడు జొన్నలు పోసి గప్‌చుప్‌గా వెళ్లిపోయేవాడు.

అట్లా మూడు రోజులు, ముగ్గురు మనుషులు, రెండు ఎలుకలు.

శుక్రవారం మధ్యాహ్నం అంజయ్య వచ్చి చూసేసరికి గిన్నె నిండుగా ఉంది. పొద్దున పోసింది పోసినట్టే! ఎలుకలు పొట్టులో ఎక్కడో దూరి పడుకున్నాయి. మూతి ఒక్కటి బయటికి కనిపిస్తోంది. అంజయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఆ మూతిని పావుగంట చూశాడు.

"రాజవ్వా! జల్దీ రా! మేత ముట్టలే. నెమరు గూడ వేస్తలేవు!"

ఎలుకలు నెమరు వేస్తాయా లేదా అన్నది ఆ సమయంలో ఇద్దరికీ తట్టలేదు. రాజవ్వ గుండెలో రాయి పడింది. పల్లీలు! తన పల్లీలు తినే పడిపోయాయి! ఆ మాట పైకి చెప్పలేక ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి గాజుపెట్టెకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు హాల్లో ఉన్నవాళ్లందరూ దగ్గారు, జెర్బిళ్లు తప్ప.

ఆ దగ్గులు విని పక్కింటి మొగులమ్మ వచ్చింది. గాజుపెట్టెలోకి వంగి చూసి, "పోయినట్టే ఉన్నయక్కా" అంది. ఆ తల్లి నోటికి దండం పెట్టాలి.

అంజయ్య బాలరాజ్‌కు ఫోన్ చేశాడు. బాలరాజ్ ఊరూరా తిరిగి పశువులకు సూదులు వేసే మనిషి. పన్నెండు బర్రెల కాలం నుంచీ పరిచయం.

"బాలరాజూ, రెండు జీవాలు మేత ముట్టుతలేవు. నువ్వు రావాలె."

"బర్రెలు తెచ్చినవా అన్నా! చెప్పనే లేదు. ఎన్ని లీటర్లు ఇస్తున్నయ్?"

"పాలియ్యయ్ తమ్మీ."

"వట్టిపోయినయా? సూడివా?"

"నాకేం ఎరుక! నాకు అప్పజెప్పినోళ్లు చెప్పలే. నా మానం పోయేటట్టున్నది, జల్దీ రా!"

ఇరవై నిమిషాల్లో బాలరాజ్ బండి మీద దిగాడు. ఒక చేతిలో మోకు, ఇంకో చేతిలో మందు పోసే గొట్టం, భుజానికి సూదుల సంచి. నేరుగా వెనక కొట్టంలోకి పోయి బైకుల మధ్య వెతికి బయటికి వచ్చాడు. "ఎక్కడ కట్టేసినవే?"

"హాల్ల. టీవీ పక్కన."

బాలరాజ్ లోపలికి వచ్చి గాజుపెట్టెను చూశాడు. తర్వాత చేతిలోని మోకును చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే శ్రావణ్‌కుమార్ షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, ఇంట్లో పశువుల డాక్టరును, మొగులమ్మను, మిరపకాయల పొగను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సరే, వచ్చినందుకు చూస్త. ఏం పెట్టిండ్రు?" అన్నాడు బాలరాజ్.

"రోజుకు రెండు గిన్నెలు, మూడు గిన్నెలు" అన్నాడు అంజయ్య. "ఖాళీ చేస్తె పోసిన."

రాజవ్వ గొంతు సవరించుకుంది. "జెర పల్లీలు గూడ."

"పల్లీలా? ఎవలేసిండ్రు?"

"నేనే! మూడు దినాల సంది మజ్జానం మజ్జానం ఏసిన. నా చేతులు కాల! ఖాళీ గిన్నె చూస్తె పానం ఆగలే!"

"జొన్నలు నావి, నాయినా" అన్నాడు శ్రావణ్‌కుమార్ బూట్లు విప్పుతూ.

బాలరాజ్ ముగ్గురినీ చూసి, "ఒక దూడకు సరిపోయేంత పెట్టిండ్రు గదనే!" అని గాజుపెట్టె మూత తీసి పొట్టులో చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి వచ్చేసరికి నిండా జొన్నలు. మళ్లీ పెట్టాడు, పల్లీలు. ఇంకో మూల నుంచి గింజలు, మొలకెత్తిన జొన్నలు రెండు. శ్రావణ్‌కుమార్ పరుగెత్తుకెళ్లి తూకం మిషన్ తెచ్చాడు. నాలుగు వందల ముప్పై గ్రాములు! ఈ గోలకు రెండు జెర్బిళ్లూ పొట్టులోంచి ఎగిరి, హుషారుగా పెట్టె చుట్టూ పరుగులు తీశాయి.

"తింటలేవు, తొవ్వి దాచుకున్నయ్" అన్నాడు బాలరాజ్. "కింద గాదె నింపుకున్నంక పైన గిన్నె ఎందుకు ముట్టుతయ్? మస్తున్నయ్. మందేం వద్దు." మొగులమ్మ కాస్త నిరాశగా ఇంటికి వెళ్లిపోయింది.

ఆదివారం నిషిత తిరిగి వచ్చింది. "అయ్యో అంకుల్, దాచుకుంటయని చెప్పుడే మర్చిపోయిన" అని నవ్వుతూ జెర్బిళ్లను డబ్బాలో వేసి ఇచ్చింది. అందరూ తూకం మిషన్ చుట్టూ చేరారు. 155.

"ఏడు గ్రాములు పెరిగినయ్!" అని అరిచాడు శ్రావణ్‌కుమార్. "నాయినా, గెలిచినవ్!"

అంజయ్య మాత్రం నవ్వలేదు. సోఫాలో కూర్చుని మోకాలు నిమురుకున్నాడు. "యాడ గెలిచిన? ముగ్గురం మేపినం. ముప్పై ఏండ్ల అనుభవమని ఎగిరిన, పిడికెడు ఎలుక నన్ను పిచ్చోన్ని చేసింది. గిన్నె చూసిన గని కడుపు చూడలే. ఇగ బర్రె పేరెత్తను లే."

అన్నాడు గానీ ఆయన కళ్లు మాత్రం వెనక కొట్టం వైపే ఉన్నాయి. నిషిత డబ్బా పట్టుకుని ఎటు చూడాలో తెలియక క్యాలెండర్ వైపు చూసింది.

రాజవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "నాలుగేండ్ల సంది నువ్వు పొద్దున లేసుడే చూడలే నేను. ఈ వారం నాకంటె ముందే లేసినవ్. నాతోని ముచ్చట వెట్టినవ్, ఎలుకల ముచ్చటనే అనుకో. నాకు గూడ మజ్జానం ఒకళ్లకు ఏమన్న పెట్టాలన్న యాది ఉన్నది. అబద్ధమెందుకు, మంచిగనిపించింది." ఆమె కొంగు సర్దుకుంది. "బర్రెను తెద్దాం. ఒక్కటే! పాలు నువ్వు పిండు. మేత మాత్రం నేను పెడ్త, నీ లెక్క నాకొద్దు."

అంజయ్య సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. పంచె కొసతో కళ్లు తుడుచుకుని, "ముర్రా తెద్దామా, దేశవాళీ తెద్దామా?" అని మాత్రం అడిగాడు. ఇద్దరూ అప్పుడే సంత ఏ రోజో లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు.

"అంత మంచిగనే ఉన్నది గని, పేడ ఎవలెత్తుతరు?" అన్నాడు శ్రావణ్‌కుమార్.

ఇద్దరూ లెక్క ఆపి, చాలా ప్రేమగా, అతని వైపు చూశారు.