లిఫ్టులో పుట్టిన పాత పాట

లిఫ్టాయన పాటను చివరిదాకా విన్నవాళ్ళు ఊరు మొత్తం మీద కొద్దిమందే. వాళ్ళంతా లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళే.

ఆయన లిఫ్టు మెకానిక్కు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి లోపల జనం గగ్గోలు పెడుతుంటే, పైనుంచి స్పానరు తిప్పుతూ "కంగారు పడకండి, ఐదు నిమిషాల్లో తెరుస్తా" అని ధైర్యం చెప్పేవాడు. ఆ ఐదు నిమిషాలూ తన సొంత పాట పాడేవాడు. ఆ ఇరుకులో గొంతు బ్రహ్మాండంగా మోగుతుంది మరి. తలుపు తెరుచుకోగానే లోపలివాళ్ళు వెనక్కి చూడకుండా పరిగెత్తేవారు. అది పాట విన్న ఉత్సాహమని ఆయన గట్టి నమ్మకం.

సెలవు రోజుల్లో ఆయన గిటారు వాయిస్తాడు. బృందంలో ఉన్నది ముగ్గురు. కీబోర్డు మీద ఆయన బావమరిది. డ్రమ్ముల మీద ఒక పళ్ళ డాక్టరు. వారమంతా "నొప్పిగా ఉందా?" అని అందర్నీ అడిగి అడిగి విసిగిపోయి, సెలవు రోజున మాత్రం ఎవర్నీ అడక్కుండా వాయించేసేవాడు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ పిలిస్తే వెళ్ళి ముగ్గురూ పాత సినిమా పాటలు వాయించి, భోంచేసి వచ్చేవారు.

లిఫ్టాయన కడుపుమంటంతా ఆ పాత పాటల మీదే.

"ఎంతకాలమే ఇలా ఎంగిలి పాటలు వాయించడం?" అన్నాడు ఒకనాడు భార్యతో. ఆమె ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధిలో అందరికీ టైలరమ్మ.

"సొంత పాట వాయించిన రోజు ఏమైందో మర్చిపోయారా? జనమంతా భోజనాలకి లేచిపోయారు."

"ఆకలేసి ఉంటుంది."

"అప్పటికి వంటే కాలేదండీ. ఖాళీ బల్లల ముందుకెళ్ళి కూర్చున్నారు."

లిఫ్టాయన ఆ సంగతి విననట్టు గిటారు సవరించి మొదలుపెట్టాడు.

"మెల్లగా పైకి రా జాబిలీ... మధ్యలో ఆగకే జాబిలీ..."

"ఏమండీ, ఇది నా మీద రాశారా, లిఫ్టు మీద రాశారా?"

"నీ మీదేనే!"

"మరి నన్ను మధ్యలో ఆగొద్దంటారేం? నేనేమన్నా కరెంటు మీద నడుస్తున్నానా?"

"అది భావం. నీకు అర్థం కాదులే."

"సరే, రెండో చరణమేదీ?"

"మొదటిదే మళ్ళీ పాడితే అదే రెండోది."

టైలరమ్మ దారం కొరికి, సూదిలోకి ఎక్కిస్తూ యథాలాపంగా ఒక మాట అంది. "జనం తెలిసిన పాటకే ఊగుతారండీ. నిజంగా తెలియక్కర్లేదు, తెలుసనుకుంటే చాలు."

ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత చాలా రోజులు తన నాలుకను తనే తిట్టుకుంది.

ఎందుకంటే ఆ వారమే ఒక పెళ్ళి విందులో లిఫ్టాయన మైకు పట్టుకుని, "ఇప్పుడొక పాత సినిమా పాట. మీలో మంచి అభిరుచి ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది" అని ప్రకటించాడు. అభిరుచి లేదని పదిమందిలో ఒప్పుకునేవాడెవడు? ముందు వరుసలో తలలన్నీ ఒకేసారి ఊగాయి. ఒకాయన కళ్ళు మూసుకుని పెదవులు కూడా కదిపాడు. కాకపోతే ఒక్కో మాటా వినబడ్డాకే కదిపాడు. పాట అయ్యేసరికి హాలంతా చప్పట్లు.

"ఆ రోజుల్లో రాసేవారండీ పాటలు! ఇప్పుడెవడు రాస్తున్నాడు ఇలా?" అన్నాడు ఆ పెదవుల పెద్దమనిషి.

"నేను!" అనబోయి లిఫ్టాయన బలవంతాన నోరు మూసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఇంత పచ్చి అబద్ధమా?" అంది టైలరమ్మ.

"చిన్నదేలేవే. ముందు పాట అందరి నోళ్ళలో నానాలి. ఆ తర్వాత ఒక మంచి రోజు చూసి, 'అయ్యా, ఇది నాదే' అంటాను. అందరూ నోరు వెళ్ళబెట్టాలి!"

"పళ్ళ డాక్టరుకి పని దొరుకుతుంది."

పాట నోళ్ళలో బాగానే నానింది. ఎక్కడికెళ్ళినా "ఆ పాత జాబిలి పాట వాయించండి" అని అడగడం మొదలైంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు కూడా తలుపు తెరిచాక ఆగి, "అది ఏ సినిమాలోదండీ?" అని అడుగుతున్నారు. ఇంకొన్నాళ్ళలో నిజం బయటపెట్టి పేరు కొట్టేయవచ్చని లిఫ్టాయన లోలోపల ఉప్పొంగిపోతున్నాడు. అదిగో, సరిగ్గా అప్పుడు అందులోకి మామగారు దిగారు.

మామగారికి తెలియని పాత పాట లేదు. ఉన్నా, తెలియదని ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు. కూతురింటికి వచ్చి, కాలు మీద కాలేసుకుని, "ఆ సినిమా నేను మూడుసార్లు చూశానయ్యా అల్లుడూ! హీరోయిన్ మేడమెట్లు ఎక్కుతూ పాడుతుంది. ఆహా!" అన్నారు.

లిఫ్టాయనకు పొలమారింది. మామగారి పక్కన కూర్చున్న అత్తగారు మాత్రం చేతిలో ఉన్న కప్పు కింద పెట్టారు.

"మూడుసార్లు చూశారా?"

"చూశాను!"

"ఒక్కసారి కూడా నేను లేను. ఎవరితో వెళ్ళారు?"

మామగారు కాలు మీంచి కాలు తీశారు.

ఆ రోజు నుంచి అత్తగారు మామగారితో మాట్లాడటం మానేశారు. మామగారు తన టీ తనే పెట్టుకుంటున్నారనీ, అది టీలా లేదనీ బావమరిది కబురు తెచ్చాడు. టైలరమ్మ కత్తెర బల్ల మీద పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"ఇప్పుడే వెళ్ళి అమ్మకి నిజం చెప్పి రండి. మీ పాట కోసం మా అమ్మానాన్నలు విడిపోతే మీతో నేనూ మాట్లాడను."

పాపం, ఆయన వెళ్ళాడు. తల వంచుకుని చెప్పాడు కూడా. "అత్తయ్యగారూ, అసలా సినిమాయే లేదు. ఆ పాట నేనే రాశాను."

అత్తగారు ఆయన్ని జాలిగా చూశారు. "మీ మామగారు పంపించారా?"

"లేదండీ, ఒట్టు! నిజంగా నేనే!"

"మీ మనసు బంగారం, అల్లుడుగారూ. మామగారి పరువు కోసం నింద మీ మీద వేసుకుంటున్నారు. కానీ మీరు రాసినవి నేను విన్నాను కదా. ఇంత బావుండవు."

ఇంతకన్నా పెద్ద పొగడ్తగానీ, ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బగానీ ఆయన జీవితంలో ఎరగడు. రెండూ ఒకే మాటలో తగిలేసరికి ఏడవాలో నవ్వాలో తెలియక ఇంటికొచ్చి పడుకున్నాడు.

చివరికి తన ప్రాణం తనే కాపాడుకున్నారు మామగారు. "నీతోనే చూశానే పిచ్చిదానా! నువ్వే మర్చిపోయావు. ఆ రోజు వాన కూడా పడింది" అన్నారు. అత్తగారు నమ్మలేదు. "గొడుగు తేవడం మర్చిపోయానని దారి పొడుగునా నన్ను తిట్టావు" అన్నారు మామగారు. అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, "తిట్టానంటే గుర్తొస్తోంది" అన్నారు.

ఇక ఆగలేదు. రెండు రోజుల్లో ఆవిడకి ఏ వరుసలో కూర్చున్నారో గుర్తొచ్చింది. ఇంకో రెండు రోజుల్లో ముందు సీట్లో పొడుగాటి మనిషి అడ్డం కూర్చోవడం గుర్తొచ్చింది. పక్కింటావిడతో ఆ కథ చెబుతూ కొత్త పెళ్ళికూతురిలా నవ్వారట. ఇద్దరూ ఒకే కప్పులో టీ తాగుతున్నారని బావమరిది మళ్ళీ కబురు తెచ్చాడు. ఆ కబురుతో పాటే మరో సంగతి చెప్పాడు.

"వచ్చే వారం అమ్మానాన్నల పెళ్ళిరోజు బావా. పెద్ద హాలు తీసుకున్నారు. జాబిలి పాట ఉండి తీరాలంటున్నారు."

లిఫ్టాయన ఎగిరి గంతేశాడు. "అదేనోయ్ నేను చూస్తున్న మంచి రోజు!"

"పూర్తిగా విను బావా. పాడేది మనం కాదు. మక్కీ వాళ్ళు."

మక్కీ అంటే ఊళ్ళో ఇంకో బృందంలో గాయకుడు. పాత పాటల్ని మక్కీకి మక్కీ దించేస్తాడని అందరూ ఆ పేరు పెట్టారు. పాత రికార్డు గీసుకుపోయి ఎక్కడ తడబడుతుందో అక్కడ తనూ తడబడేంత నిక్కచ్చి మనిషి.

"మనల్ని కాదని వాణ్ణెందుకు పిలిచారు?"

"అల్లుడు బాగానే వాయిస్తాడు గానీ ఒరిజినల్‌లా ఉండదన్నారు నాన్న."

"విన్నావా!" అని అరిచాడు లిఫ్టాయన, ముందు గదిలో ఉన్న భార్యకు వినబడేలా. "నా పాట నేను పాడితే ఒరిజినల్‌లా ఉండదట!"

టైలరమ్మ తళతళలాడే కోటు ఒకటి మిషను మీద తిప్పుతూ, "మెల్లగా అనండి, కుట్టు తప్పుతుంది" అంది. అది ఎవరి కోటో అడగాలని ఆయనకు తోచలేదు.

పెళ్ళిరోజున హాలు నిండింది. లిఫ్టాయన మూడో వరుసలో చేతులు కట్టుకుని ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. వేదిక మీదికి మక్కీ వచ్చాడు. ఒంటి మీద అదే తళతళలాడే కోటు. లిఫ్టాయన పక్కకి తిరిగి చూశాడు. టైలరమ్మ చాలా శ్రద్ధగా పైకప్పుకేసి చూస్తోంది.

మక్కీ పాడటం మొదలెట్టాడు. నిజం చెప్పుకోవాలి, అద్భుతంగా పాడాడు. తన పాట ఇంత బావుంటుందని లిఫ్టాయనకే ఆ రోజుదాకా తెలియదు. చుట్టూ వందలమంది తన మాటల్ని తన బాణీలో పాడుతున్నారు. వాళ్ళలో ఒక్కడికి కూడా తన పేరు తెలియదు. ఇక ఆగలేకపోయాడు. వరుస దాటి, ఎవరి కాళ్ళో తొక్కి, వేదికెక్కి మైకు లాక్కున్నాడు.

"ఆపండి! ఇది నా పాట! ఇది నేనే రాశాను!"

మైకు కీచుమంది.

"ఏం తాగాడో పాపం" అని ఎవరో అన్నారు.

"నోరు తెరిపించి చూడనా?" అన్నాడు పళ్ళ డాక్టరు లేచి నిలబడి.

మక్కీ మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని, "అలాగే అన్నా. మీ పాటే అయితే రెండో చరణం మీరే అందుకోండి" అన్నాడు.

"రెండో చరణం లేదు! మొదటిదే మళ్ళీ పాడాలి!"

హాలంతా గొల్లుమంది. మక్కీ నవ్వాపుకుని అందుకున్నాడు.

"ఆగినా మంచిదే జాబిలీ... కాసేపు కబుర్లకే జాబిలీ..."

ఆ చరణం ఎంత అందంగా ఉందంటే, కోపంలో కూడా లిఫ్టాయన తల దానంతటది ఊగింది. ఊపడం మానేసి, "ఇది... ఇదెక్కడిది?" అన్నాడు.

"మీ ఇంట్లోదే అన్నా. కోటు కొలతలకి వచ్చినప్పుడు వదిన పాడుకుంటుంటే నేర్చుకున్నాను."

తలలన్నీ టైలరమ్మ వైపు తిరిగాయి. ఇక తప్పదని ఆమె లేచి, కొంగు సర్దుకుని వేదికెక్కింది.

"ఆయన చెప్పింది నిజమేనండీ. పాట ఆయనదే. బాణీ ఆయనది, మొదటి చరణం ఆయనది. ఒక్క చరణమే వినీ వినీ నా ప్రాణం విసిగి రెండోది నేను కట్టాను. ఒక్కసారైనా శ్రుతిలో వినాలనిపించి ఇతనికి నేర్పాను. సినిమా గినిమా ఏమీ లేదు."

లిఫ్టాయన నిటారుగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి పదిమందిలో తన పాట తనదని ఎవరో చెప్పారు! అంతే, చప్పట్లు మార్మోగిపోయాయి.

"అదీ ఇల్లాలంటే!" అన్నారు ఎవరో. "మొగుడి పరువు కోసం నిలబడి ఎంత చక్కగా అబద్ధమాడిందో చూడండి!"

అత్తగారు కళ్ళొత్తుకుంటూ, "నా పెంపకం" అన్నారు.

మామగారు లేచి అత్తగారి భుజం మీద చెయ్యి వేసి, "లేకపోవడమేమిటమ్మా? ఆ సినిమా వానలో తడుస్తూ వెళ్ళి చూసినవాళ్ళం మేమిద్దరం ఇక్కడే ఉన్నాం కదా!" అన్నారు. అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని, సిగ్గుపడుతూ అవునన్నట్టు తలూపారు.

లిఫ్టాయన నోరు తెరిచాడు. గట్టిగా అరిచి, తేదీలతో సహా నిరూపించగలడు. అత్తగారి ముఖం చూశాడు. ఆవిడ ఇంకా ఆ వానలోనే ఉన్నారు. పక్కనున్న భార్యను చూశాడు. ఆమె ఊరికే ఆయన కళ్ళలోకి చూసింది.

"క్షమించండి" అన్నాడు మైకులో. "పొరపాటు పడ్డాను. పాత పాటే. నేనూ చిన్నప్పుడు విన్నాను."

అందరూ సంతోషించారు. మక్కీ ఆయన్ని కావలించుకుని, తన బృందంలో ఒకరి గిటారు తీసి చేతికిచ్చాడు. "రండన్నా, మొదటినుంచీ కలిసి వాయిద్దాం."

లిఫ్టాయన వాయించాడు. భార్య వేదిక దిగి మొదటి వరుసలో కూర్చుని చూస్తుంటే హుషారొచ్చి, జాబిలి పైకి వచ్చే చోట కొత్తగా తోచిన ఒక చిన్న విరుపు కలిపాడు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

మక్కీ పాట ఆపకుండానే ఆయన చెవి దగ్గరికి వంగాడు. "అన్నా, ఏమనుకోకండి. ఒరిజినల్‌లో అక్కడ అలా ఉండదు."

టైలరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సారీ తమ్ముడూ" అన్నాడు లిఫ్టాయన. తర్వాతి సారి ఆ చోటు వచ్చినప్పుడు ఒరిజినల్‌లో ఉన్నట్టే వాయించాడు.