జిల్లాకొక్క యాంకర్

"ఇకమీదట ఈ జిల్లాలో ఎవరూ కింద పడరు" అని నిర్మాణ భద్రతా శాఖ మంత్రి మాధవయ్యగారు నంద్యాలలో ప్రకటించినప్పుడు చప్పట్లు మొదలుపెట్టింది గురుప్రసాద్. ఆపింది కూడా ఆయనే. మంత్రిగారు ఇంకా మాట్లాడాల్సి ఉంది కాబట్టి ఆపాడు గానీ, లేకుంటే ఆ చేతులు సాయంత్రం దాకా ఆగేవి కావు.

గురుప్రసాద్‌ది ఆళ్లగడ్డ. ఆయనకు పురుగుమందుల కొట్టు ఉంది. దానికంటే ముఖ్యంగా పార్టీ ఉంది. చైర్మన్ కావాలన్నది ఆయన జీవితాశయం. దేనికి చైర్మన్ అన్న పట్టింపు లేదు. ఇంటి గేటుకు 'గురుప్రసాద్' అని, కాస్త జాగా వదిలి, 'చైర్మన్' అని బోర్డు రాయించి పెట్టుకున్నాడు. మధ్య జాగాలో ఏం రాయాలో ప్రభుత్వం చెప్పాలి. ప్రభుత్వాలు మారాయి గానీ ఏదీ చెప్పలేదు. ఆయన భార్య సుకన్య పొద్దున్నే బోర్డు తుడిచేటప్పుడు ఆ జాగాను మాత్రం కొంచెం గట్టిగా తుడుస్తుంది.

"ఈ తూరన్నా వస్తాదా?" అని ఆ రోజు కూడా అడిగింది.

"వస్తాది. రెండూర్లలోనూ ప్రారంభం బాగా జరిపిస్తే నేనే వేస్తా అన్న్యాడు మంత్రి."

మంత్రిగారి పథకం పేరు 'పడనివ్వం'. దానికి ఆధారం ఒక రిమూవబుల్ యాంకర్. చూడటానికి జానెడు స్టీలు కడ్డీ, చివర ఒక ఉంగరం. కాంక్రీటుకు రంధ్రం వేసి అందులో దూర్చి, మీట వదిలితే లోపల బిగుసుకుంటుంది. మేడ అంచున పని చేసే మనిషి నడుముకు బెల్టు కట్టుకుని, తాడును ఆ ఉంగరానికి తగిలించుకుంటే, కాలు జారినా గాల్లో ఆగిపోతాడు. పని అయ్యాక మీట నొక్కితే యాంకర్ ఊడి వస్తుంది. మళ్లీ ఇంకోచోట పెట్టుకోవచ్చు.

ఈ చివరి గుణమే మంత్రిగారిని ఆకర్షించింది. "ఊడదీసి ఇంకోచోట పెట్టుకునేదానికి ఎన్ని కావాలయ్యా? జిల్లాకు ఒకటి చాలదా?" అని ఆయన అడగ్గానే అధికారులు 'జిల్లాకు ఒకటి' అని ఫైల్లో రాసుకున్నారు. అమ్మేవాళ్లు చూసుకోమని ఉచితంగా పంపిన శాంపిల్‌తోనే పథకం పూర్తయింది.

ప్రారంభోత్సవం ఉదయం నంద్యాలలో, మధ్యాహ్నం ఆళ్లగడ్డలో. ప్రభుత్వ భవనాలు ఏవీ మనిషి కిందపడేంత ఎత్తుకు ఇంకా లేవలేదు కాబట్టి రెండుచోట్లా ప్రైవేటు భవనాలనే ఎంపిక చేశారు. నంద్యాలలో బట్టల వ్యాపారం చేసే కమలాక్షమ్మ కట్టిస్తున్న కాంప్లెక్స్ దొరికింది. ముందరి దూలానికి యాంకర్ బిగించారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టారు. అంతలో కమలాక్షమ్మ ఒక బూడిద గుమ్మడికాయను ఉట్టిలో పెట్టించుకుని వచ్చింది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. దారిన పోయే ప్రతివాడి కన్నూ తన కాంప్లెక్స్ మీదే ఉందని ఆమెకు ఎప్పటినుంచో దిగులు. సరిగ్గా వాకిలి ఎదురుగా, నడుమన, అందంగా వేలాడుతున్న ఆ ఉంగరాన్ని చూడగానే ఆ దిగులు తీరింది.

"మీ చేత్తో కట్టండి నాయనా" అంది.

కార్యక్రమంలో అది కూడా ఉందనుకుని మంత్రిగారు నిచ్చెన ఎక్కి కట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. గురుప్రసాద్ మాత్రం, ఆయన చరిత్రలో మొదటిసారి, కొట్టలేదు.

మంత్రిగారు భోజనానికి వెళ్లగానే గురుప్రసాద్ ఆమె దగ్గరకు పోయాడు.

"అమ్మా, ఆ కాయ కొంచెం దించుకుంటే యాంకర్ తీసుకుపోతాం. ఆళ్లగడ్డలో ప్రారంభం ఉండాది."

"ఏందీ? కట్టిన దిష్టికాయను కట్టిన దినమే దించుతారా యాడన్నా?"

"పక్కన మేకు కొట్టి దానికి కడతామమ్మా."

"మంత్రి చేత్తో కట్టింది. ఆయప్పనే వచ్చి దించమను. దించినాక నా బిల్డింగుకు ఏమన్నా అయితే ఆయప్ప పేరే చెప్తా పేపరోళ్లకు."

"అది మనుషుల కోసం చేసిందమ్మా. ఇద్దరి బరువు ఆపుతాది."

"అందుకే ఇంత పెద్ద కాయ తెప్పిచ్చినా."

గురుప్రసాద్ అక్కడి కూలీలను బతిమాలాడు. వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. కాయను ముట్టుకుంటే కాంప్లెక్స్‌కు తగలాల్సిన దిష్టంతా తమకే తగులుతుందన్నారు. మంత్రిగారి కోసం తెచ్చిన నిచ్చెన ఆయన వెంటే వెళ్లిపోయింది కాబట్టి, అంత ఎత్తుకు ఉత్తగా ఎక్కలేమని కూడా అన్నారు.

"బెల్టు కట్టుకోని ఎక్కండప్పా!"

"బెల్టు తగిలిచ్చుకునేది ఆ ఉంగరానికే గదన్నా?"

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. గురుప్రసాద్ కారెక్కాడు. మంత్రిగారికి చెబితే చైర్మన్ పదవి అక్కడికక్కడే ఊడుతుంది. చెప్పకపోతే ఆళ్లగడ్డలో ఊడుతుంది. నాయకుడన్నవాడు ఇటువంటప్పుడే కనిపిస్తాడు. శిరివెళ్ల దాటుతుండగా ఆయనకు ఆళ్లగడ్డ శిల్పులు గుర్తొచ్చారు. ఏ రూపాన్నైనా రాతిలో దించగల మనుషులు. ఒకరికి ఫోన్ చేశాడు.

"అర్జెంటుగా ఒక యాంకర్ చెక్కియ్యాల."

"ఆ దేవుణ్ణి మేమెప్పుడూ చెయ్యల్యాదన్నా. నిలబడిండాడా, కూర్చోనుండాడా?"

"గోడలోకి దూరిండాడు."

"చేతులెన్ని?"

"చేతుల్లేవు. ఉంగరం ఒకటుండాది."

"చేతుల్లేనోనికి ఉంగరం ఎందుకన్నా?" అన్నాడు శిల్పి, నొచ్చుకున్నట్టుగా.

ఆళ్లగడ్డలో ఎంపికైంది మూడంతస్తుల కల్యాణమండపం. పై స్లాబు పోయడం, ఆరడం అయిపోయి, కాంక్రీటు జారిపోకుండా అంచుల్లో బిగించిన సెంట్రింగ్ రేకులు విప్పే పని మిగిలింది. పోయిన ఎండాకాలం అట్లాంటి అంచునే విప్పుతూ తిమోతి మేస్త్రీ తమ్ముడు జారిపడ్డాడు. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. అందుకని తిమోతి, ఆయన భార్య ఆదెమ్మ, వాళ్ల గుంపులో వాళ్లంతా ఆ యాంకర్ కోసం పొద్దుటినుంచీ మేడమీద ఎదురుచూస్తున్నారు.

"అన్నా, ఆ కొక్కెం యాడ?" అన్నాడు తిమోతి.

"వస్తాంది."

"ప్రారంభం అయినాక మాకిస్తారు గదా?"

"ప్రారంభం అయినాక బనగానపల్లెకు పోతాది."

"అయితే మాకెప్పుడు?"

"మీకోసమే గదప్పా అది ఊరూరా తిరుగుతాండేది!"

కింద సైరన్లు వినిపించాయి. గురుప్రసాద్ మేడంతా కలయజూశాడు. వెనకవైపు మంత్రిగారి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఆయన పక్కన బల్లంత సైజులో యాంకర్ బొమ్మ. ఆ బొమ్మలో ఉంగరం ఉన్న చోట బ్లేడుతో ఒక చిల్లు పొడిచి, బెల్టు తాడు కొసను అందులోంచి వెనక్కి దూర్చాడు.

"తిమోతీ, మీరంతా ఫ్లెక్సీ ఎనక నిలబడి ఈ తాడు పట్టుకోవాల. మంత్రి వంగేటప్పుడు గట్టిగా. మంత్రి లేసేటప్పుడు వదులుగా."

తిమోతి తాడువైపు చూశాడు. గురుప్రసాద్ వైపు చూశాడు. "మమ్మల్ని పట్టుకోవల్సిన దాని బదులు మేమే పట్టుకోవాల్నా?"

"ప్రభుత్వానికి సాయం చేసే అవకాశం అందరికీ వస్తాదా?"

"ఇడిస్తే ఏమయితాది?" అని ఆదెమ్మ అడిగింది, కేవలం తెలుసుకుందామని.

గురుప్రసాద్ తాడు కొసను ఆమె చేతికి రెండు చుట్లు చుట్టాడు.

మంత్రిగారు వచ్చారు. బెల్టు కట్టించుకున్నారు. స్లాబు అంచున నిలబడి, కింద రోడ్డు మీది జనం మీదికి ఏటవాలుగా వంగి, రెండు చేతులూ చాచి "పడనివ్వం!" అన్నారు. జనం "పడనివ్వం!" అన్నారు. ఆ ధాటికి సిమెంటు దుమ్ము లేచి ఫ్లెక్సీ వెనకనుంచి ఎవరో గట్టిగా దగ్గారు.

"ఏమయ్యా, ఇది దగ్గుతాంది?" అన్నారు మంత్రిగారు, వంగినచోటనుంచే.

"కొత్తది గదా సార్. అలవాటయ్యేదాకా దగ్గుతాది."

సౌజన్య అనే విలేకరి ముందుకొచ్చింది. "సార్, యాంకర్‌ను ఒకసారి చూపిస్తారా?"

"భద్రత దృష్ట్యా చూపించడం లేదు" అన్నాడు గురుప్రసాద్. అంత సూటిగా జవాబు దొరకడం అలవాటు లేని ఆ అమ్మాయి దాన్ని అలాగే రాసుకుంది.

మంత్రిగారికి యాంకర్ ఎంతో నచ్చింది. ఇంత మెత్తగా, ఇంత మర్యాదగా పట్టుకునే యంత్రాన్ని తానెన్నడూ చూడలేదన్నారు. మర్నాడు బనగానపల్లెలో, తర్వాత కోవెలకుంట్లలో, ఉయ్యాలవాడలో వంగారు. యాంకర్ ముందురోజే వ్యానులో వెళ్లి, టిఫిన్ చేసి, ఫ్లెక్సీ వెనక సిద్ధంగా ఉండేది. ఊరికి రెండు ప్రదర్శనలు పెట్టేసరికి ఆళ్లగడ్డలోని మిగతా సెంట్రింగ్ గుంపుల్ని కూడా వంతులవారీగా యాంకర్లో కలుపుకోవలసి వచ్చింది.

దీని ఫలితాలు త్వరలోనే కనిపించాయి. ఆ నెల ఆళ్లగడ్డలో మేడ మీద పని చేస్తూ ఒక్కరూ జారిపడలేదు. పనికి ఒక్కరూ రాలేదు కాబట్టి ఈ లెక్కను ప్రతిపక్షం కూడా కాదనలేకపోయింది. కల్యాణమండపం అంచు రేకులు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని పథకం విజయానికి గుర్తుగా ఉంచామని ప్రభుత్వం తెలిపింది. రాజధానినుంచి ప్రశంస వచ్చింది. దాని వెంటే ఉత్తర్వు వచ్చింది: పడనివ్వం అమలు మండలి చైర్మన్‌గా గురుప్రసాద్.

సుకన్య ఆ రోజే పెయింటర్‌ను పిలిపించింది. వదిలిన జాగా చాలలేదు. 'పడనివ్వం' దాకా పట్టింది. 'అమలు మండలి' గోడమీదికి పోయింది.

చైర్మన్ హోదాలో ఆయన మొదటి కార్యక్రమం కొలిమిగుండ్లలో జరిగింది. కొత్త సత్రం మేడ మీద మంత్రిగారు మైకు పట్టుకున్నారు. "ఇన్నాళ్లూ నేను వంగినా. ఇంక నా మోకాళ్లు ఒప్పుకోవు. పథకానికి చైర్మన్ ఉండగా మంత్రి వంగడం ధర్మం కూడా కాదు" అంటూ, తన నడుముకున్న బెల్టు విప్పి, స్వయంగా గురుప్రసాద్ నడుముకు కట్టారు. బక్కిల్ రెండుసార్లు లాగి చూశారు కూడా. అంతటి ఆప్యాయత.

గురుప్రసాద్ గబగబా ఫ్లెక్సీ దగ్గరకు పోయి చేతులు జోడించి నిలబడ్డాడు.

"తిమోతీ, ఉండావా?"

"ఉండానన్నా."

"మనోళ్లంతా ఉండారా?"

"సగం మంది ఉండారు. బిర్యానీ బండి వచ్చిందంటే సగం మంది దిగిపాయిరి."

"వాళ్లొచ్చేదాకా ఆగుతా."

"వాళ్లు రాంగానే మేం దిగాల గదన్నా? మంత్రి వంగేటప్పుడంటే పోలీసోళ్లు మెట్లకాడ నిలబడి ఎవర్నీ కదలనీయరు. నీకు పోలీసోళ్లు ల్యారు."

"చూడండి!" అని మైకులో మంత్రిగారి గొంతు ఉప్పొంగింది. "మన చైర్మన్ ఫ్లెక్సీలో ఉన్న నాకు మొక్కుతున్నాడు. నేను ఇక్కడున్నా అక్కడే మొక్కుతున్నాడు. అదీ భక్తి!"

చప్పట్లు మోగాయి. మొదలుపెట్టింది ఎవరో కొత్త కుర్రాడు. గురుప్రసాద్ వెనక్కి నడిచి అంచున నిలబడ్డాడు. కింద జనం చాలా చిన్నగా, చాలా ఆసక్తిగా కనిపించారు.

"ఇంకొంచెం వంగండి సార్. జనం కూడా పడాల ఫొటోలో" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆయన ఇంకొంచెం వంగాడు.

"నవ్వండి సార్."

నవ్వాడు. ఆ నవ్వు చెక్కుచెదరకుండానే, పెదవులు కదపకుండా "తిమోతీ" అన్నాడు.

మెట్లకిందినుంచి ఆదెమ్మ కేక వినిపించింది. "ముక్కలు అయిపోతాండాయి! ఎంతసేపు ఎత్తిపెట్టాల, బిరీన రాండప్పా!" ఫ్లెక్సీ వెనక అడుగుల చప్పుడు మెట్లవైపు కదిలింది.

మర్నాడు అన్ని పత్రికలూ మొదటి పేజీలో ఆ ఫొటో వేశాయి. అందులో చైర్మన్‌గారి రెండు కాళ్లూ గాలిలో ఉన్నాయి. పథకం మీద ఇంతటి నమ్మకం చూపిన నాయకుణ్ణి జిల్లా ఇదివరకు ఎరగదని కింద రాశారు.